'తెలుగు పడలేదు' అంటే సరిపోదు

2011 సెప్టెంబర్ 15, అణ్ణాదురై జయంతి. అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత ఆ రోజు తిరువళ్ళూరు జిల్లాలో ఉచిత పథకాలకు శ్రీకారం చుట్టారు. ఇల్లాళ్ళకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను. పేద కుటుంబాలకు ఆవులు, మేకలు. ప్లస్‌టూ, కాలేజీ పిల్లలకు లాప్‌టాప్. మిక్సీ ఎలా వాడాలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. లాప్‌టాప్ సంగతి వేరు. స్విచ్ వేయగానే అదే ఎదురు ప్రశ్న వేసేది: విండోస్‌లోకి వెళ్తావా, బాస్ లినక్స్‌లోకి వెళ్తావా?

ఐదేళ్ళలో 68 లక్షల మంది పిల్లలకు లాప్‌టాప్‌లు ఇవ్వాలన్నది అప్పటి లక్ష్యం. మొదటి ఏడాదికే 9.12 లక్షలు, వాటికి 912 కోట్ల రూపాయలు. లినక్స్‌ను డెస్క్‌టాప్ మీద వాడేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడైనా పిడికెడు మందే అనుకునే రోజుల్లో, ఒక్క రాష్ట్రంలో ఇన్ని లక్షల ఇళ్ళలోకి అది నడిచి వెళ్ళింది. వెళ్ళిన తర్వాత వాడినవాళ్ళు ఏమన్నారు, ఏది బాగుంది, ఏది విసిగించింది అన్న మాటలు తయారుచేసినవాళ్ళ దాకా తిరిగి ఎలా చేరతాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాన్ని మించిన చోటు లేదు.

బాస్ అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం తయారీ. మొదటి విడుదల 2007 జనవరిలో. డెబియన్ అనే పేరున్న లినక్స్ పంపిణీని తీసుకుని, దానికి 18 భారతీయ భాషల హంగులు అమర్చి ఇచ్చారు. విడుదలకో పేరు: తరంగ్, అనంత్, తేజస్, సావిర్, అనోఖా. బడుల కోసం ఎడ్యుబాస్ అని వేరే రూపం కూడా వచ్చింది.

తమిళనాడుకు లినక్స్ అప్పటికి కొత్త కాదు. 2007 నాటికే రాష్ట్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎల్కాట్, సి. ఉమాశంకర్ ఐఏఎస్ సారథ్యంలో తన కంప్యూటర్లను సూసే లినక్స్‌కు మార్చేసింది. 2014 ఏప్రిల్‌లో విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసినప్పుడు, పాత యంత్రాల్లో బాస్ వేసుకోమని తమిళనాడు ప్రభుత్వం తన శాఖలకు సూచించింది. పైనుంచి కిందికి ఆదేశాలు బాగానే దిగాయి. కింది నుంచి పైకి మాటలు ఎక్కడమే ఎప్పుడూ కష్టం.

ఇక తిరుత్తణి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు, మురుగన్ కొండ మెట్లు ఎక్కే ఊరు. 1960 ఏప్రిల్ 1 దాకా ఇది చిత్తూరు జిల్లాలోది. సరిహద్దు వివాదంలో మధ్యవర్తి పటాస్కర్ సూచనల మీద 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టంతో తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళాయి. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. గీత మారింది గానీ ఇళ్ళల్లో మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, దరఖాస్తు ఫారాల మీద ఇంగ్లీషు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత తెలుగు ఇళ్ళ పిల్లలూ బడిలో తమిళం నేర్చుకోక తప్పదు.

అంటే ఇక్కడి కంప్యూటర్‌కు మూడు లిపులు కావాలి, అదీ ఒకే పూటలో. పద్దెనిమిది భాషలకు మద్దతు ఉందని పెట్టె మీద రాసుకోవడం ఒకటి, తమిళం నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు చిటికెలో మారగలగడం ఇంకొకటి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాష ఒక్కటే ఎంచుకోమంటే చెన్నైవాడు తమిళం అంటాడు, విజయవాడవాడు తెలుగు అంటాడు. తిరుత్తణివాడు ఏమనాలి?

పైగా కీబోర్డుల గొడవ. తమిళానికి తమిళనాడు ప్రభుత్వం 1999లో ప్రమాణంగా ప్రకటించిన తమిళ్99 ఉంది. తెలుగుకు భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకు ఆర్‌టీఎస్ ఉంది. ఆపిల్ పద్ధతికి అలవాటుపడ్డవాళ్ళు మరికొందరు. లినక్స్‌లో ఇవన్నీ దొరుకుతాయి. ఐబస్ అనే ఉపకరణానికి ఎం17ఎన్ ప్యాకేజీ తోడైతే తెలుగుకు అరడజను దాకా కీబోర్డులు వరసలో నిలబడతాయి. తెలియనివాడికి మాత్రం ఆ వరస ఎక్కడుందో కనిపించదు. మొదటిసారి తెరవగానే 'మీకు ఏయే భాషలు కావాలి?' అని బహువచనంలో అడిగితే చాలు, సగం తలనొప్పి పోతుంది. ఇది చాలా చిన్న సలహా. డెస్క్‌టాప్ లినక్స్‌ను బాగుచేసినవి ఎక్కువగా ఇలాంటి చిన్న సలహాలే.

ఉబుంటు తయారీదారు కానానికల్ 2009లో సరిగ్గా ఈ పని మీదే ఓ కార్యక్రమం పెట్టుకుంది. ప్రాణం మీదికి తేకపోయినా రోజూ గుచ్చుకునే వంద చిన్న లోపాలను వాడుకరులతో చెప్పించుకుని, విడుదలలోగా సరిచేయడం దాని ఉద్దేశం. అంతకు ముందు ఏడాదే బ్రెయిన్‌స్టార్మ్ పేరుతో ఓ వేదిక తెరిచింది. ఎవరైనా ఆలోచన చెప్పవచ్చు, మిగతావాళ్ళు ఓట్లు వేయవచ్చు. ఆలోచనలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిని చేసి చూపించే చేతులు అంత లేవు. 2013లో ఆ వేదిక మూతపడింది. ఓట్లు ఎన్ని పడినా రాసే మనిషి లేకపోతే సాఫ్ట్‌వేర్ కదలదని అప్పటికి అందరికీ అర్థమైంది.

ఓట్లు చెల్లవని ముఖం మీదే చెప్పిన సందర్భమూ ఉంది. 2010లో ఉబుంటు 10.04 వస్తూ కిటికీ మూసే, కుదించే బొత్తాలను కుడి నుంచి ఎడమకు మార్చింది. వాడుకరులు భగ్గుమన్నారు. డిజైన్ నిర్ణయాలకు ఎన్నికలు పెట్టలేమని, ఆధారాలతో చెప్తే వింటామని వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ జవాబిచ్చాడు. బొత్తాలు మళ్ళీ కుడివైపుకు వచ్చింది 2017లో, సొంత యూనిటీ డెస్క్‌టాప్‌ను వదిలి గ్నోమ్‌కు తిరిగి వెళ్ళినప్పుడు. ఏడేళ్ళు పట్టింది. అదే సంస్థ 2019 జూన్‌లో 32 బిట్ ప్యాకేజీలు ఇక ఉండవని ప్రకటించి, వారం తిరక్కుండానే వెనక్కి తగ్గింది. ఈసారి అడ్డుపడ్డవాళ్ళు ఊరికే కోపగించుకోలేదు. స్టీమ్ ఆటలు, వైన్ ద్వారా నడిచే విండోస్ ప్రోగ్రాములు ఏవేవి ఆగిపోతాయో లెక్క చూపించారు. రెండు గొడవలకూ తేడా గొంతు పెద్దదవడంలో లేదు, చేతిలో ఉన్న రుజువులో ఉంది.

సలహా ఎవరికి చెప్పాలన్నది ఇంకో చిక్కు. తిరువళ్ళూరు జిల్లావాళ్ళకు దీన్ని వివరించడం తేలిక. పూండి జలాశయానికి కృష్ణా నీళ్ళు తెలుగుగంగ కాలువలో వస్తాయి. కండలేరులో వదిలితే ఊత్తుకోట దగ్గర తమిళనాడు గడ్డ మీదికి చేరి, అక్కణ్ణుంచి పూండికి పారతాయి. పూండికి నీళ్ళు రాకపోతే పూండి గేటు కాపలాదారును నిలదీసి లాభం లేదు. లినక్స్ పంపిణీ కూడా అంతే. బాస్‌కు ఎగువన డెబియన్ ఉంది. డెబియన్‌కు ఎగువన గ్నోమ్, లిబ్రే ఆఫీస్, అక్షరాలను అమర్చే హార్ఫ్‌బజ్ లాంటి వేలాది ప్రాజెక్టులున్నాయి. బాస్‌లో తెలుగు వత్తు విరిగితే ఆ లోపం బాస్‌ది కాకపోవచ్చు. ఫాంటుది కావచ్చు, హార్ఫ్‌బజ్‌ది కావచ్చు, ఆ ఒక్క అప్లికేషన్‌దే కావచ్చు. ఎగువన సరిచేస్తే ఉబుంటుకూ ఫెడోరాకూ మింట్‌కూ అన్నిటికీ బాగవుతుంది. దిగువన అతుకు వేస్తే తర్వాతి విడుదలలో మళ్ళీ ఊడిపోతుంది.

దగ్గరగా ఒక ఉదాహరణ. తిరుత్తణి వైపు పెళ్ళిపత్రికలు రెండు భాషల్లో అచ్చువేయించుకునే ఇళ్ళున్నాయి. పెళ్ళికొడుకు రాజ్‌కుమార్, పెళ్ళికూతురు తమిళ్‌సెల్వి అనుకుందాం. తెలుగులో కొడితే 'రాజ్కుమార్', 'తమిళ్సెల్వి' అని పడతాయి. జ కింద క వత్తు, ళ కింద స వత్తు వచ్చి కూర్చుంటాయి. కంప్యూటర్ తప్పేమీ చేయలేదు. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా మార్చడమే దాని ధర్మం. రెంటినీ విడదీయాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కీబోర్డులో అది ఏ మీటల కింద దాక్కుందో ఒక్కో పద్ధతిలో ఒక్కో తీరు. మామూలు మనిషికి అలాంటిది ఉందనే తెలియదు. షాపులో వినిపించే మాట ఒక్కటే: "అన్నా, దీంట్లో తెలుగు సరిగా పడలేదే!"

ఆ మాట నిజమే. కానీ సీడాక్‌కో డెబియన్‌కో అలాగే రాసి పంపితే వాళ్ళు చేయగలిగింది సున్నా. పనికొచ్చే నివేదిక వేరేలా ఉంటుంది. వాడుతున్నది బాస్ ఏ విడుదల, లిబ్రే ఆఫీస్ ఏ వెర్షన్, ఫాంటు లోహిత్ తెలుగా మరొకటా, కీబోర్డు ఇన్‌స్క్రిప్టా ఆర్‌టీఎస్సా, ఏ మీటలు ఏ వరసలో నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది, తెర బొమ్మ ఒకటి. ఒక ఉత్తరంలో ఒకే సమస్య. పై సంగతైతే దాన్ని లోపం అని కూడా అనకూడదు, కోరిక అనాలి: ఆ కనిపించని అక్షరానికి సులువైన మీట ఒకటి ఇవ్వండి, దాన్ని కీబోర్డు బొమ్మలో చూపించండి. డెబియన్‌లో ఇలాంటివాటికి ప్రత్యేకంగా 'విష్‌లిస్ట్' అనే తరగతి ఉంది. అతి తీవ్రం నుంచి కోరిక దాకా అక్కడ ఏడు మెట్లు. కోరికది అట్టడుగు మెట్టే అయినా దానికీ ఒక నంబరు ఇస్తారు, దాని మీద జరిగే చర్చంతా ఎప్పటికీ అందరికీ కనిపిస్తుంది. 1994 నుంచి నడుస్తున్న ఈ పద్ధతిలో ఖాతా తెరవాల్సిన పని కూడా లేదు. మామూలు ఈమెయిల్ చాలు. 'రిపోర్ట్‌బగ్' అనే చిన్న ప్రోగ్రాము వెర్షన్ల వివరాలన్నీ తానే పోగుచేసి పెడుతుంది.

ఆ కనిపించని అక్షరాన్ని తేలిగ్గా తీసుకోకూడదని 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటికీ తెలిసొచ్చింది. తెలుగు అక్షరాలకు అదే అక్షరం తోడైన ఒక చిన్న ముక్క మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెల 19న 11.2.6 అనే సవరణ విడుదల చేసి గండం గట్టెక్కింది. అంత డబ్బున్న సంస్థ పరీక్షల్లోనే దొరకని లోపం, బయట వాడుకలో దొరికింది. చిన్న భాషల వాడుకరులు పంపే నివేదికల విలువ ఇక్కడే ఉంది.

పెళ్ళిపత్రిక దగ్గరే మరో పెద్ద ముడి ఉంది. తెలుగు నాట డీటీపీ అంటే ఇప్పటికీ ఎక్కువగా పేజ్‌మేకర్, అను ఫాంట్లు. తమిళంలో బామిని లాంటివి. ఇవి యూనికోడ్ రాకముందు నాటి ఏర్పాట్లు. అక్షరం తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల దాచిన సంకేతం ఇంగ్లీషు గుర్తులదే. ఏళ్ళ తరబడి పోగేసిన మూసలన్నీ అందులోనే ఉంటే, లినక్స్ ఎంత ఉచితమైనా షాపు యజమాని దాని జోలికి వెళ్ళడు. అలాగని ఈ గోడ కదలదని కాదు. లినక్స్‌లో పుస్తకాలు, పత్రికలు పేజీలు కట్టే స్క్రైబస్ చాలా ఏళ్ళు భారతీయ లిపులను, అరబ్బీని సరిగా పేర్చలేకపోయింది. అడిగినవాళ్ళు చాలామంది. పని చేసింది మాత్రం ఒమన్‌లో ఓపెన్ సోర్స్ కోసం పెట్టుకున్న ఒక బృందం. వాళ్ళకు కావలసింది అరబ్బీ. వాళ్ళు రాసిన కొత్త అమరిక 2017లో 1.5.3 పరీక్షా వెర్షన్‌లో చేరింది, స్థిరమైన 1.6 వెర్షన్‌గా 2024 జనవరిలో బయటికొచ్చింది. అరబ్బీ కోసం పడ్డ కష్టం తెలుగు వత్తుకూ దారి వేసింది. తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, సూరన్న, రామభద్ర వగైరా ఫాంట్లు డెబియన్ భాండారంలోనే ఉచితంగా ఉన్నాయి. లేనిదల్లా పాత అను ఫైళ్ళను నమ్మకంగా యూనికోడ్‌కు మార్చి, పేజీ చెదరకుండా స్క్రైబస్‌లో కూర్చోబెట్టే దారి. సరిహద్దు ఊళ్ళ నుంచి వెళ్ళాల్సిన సలహాల్లో ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకోవాలి.

కొన్ని ఫిర్యాదులకు లినక్స్ తయారీదారుల దగ్గర మందు లేదు. చిన్న ఊళ్ళ జెరాక్స్ షాపుల్లో తరచు కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 లేజర్ ప్రింటర్ అందుకు ఉదాహరణ. అది క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడుతుంది. లినక్స్‌కు కంపెనీ ఇచ్చిన డ్రైవరును కుదురుగా పనిచేయించడం నేర్పరులకే పరీక్ష. ఔత్సాహికులు కొందరు ఆ భాషను విప్పి చదివి సొంతంగా డ్రైవరు రాసుకున్నారు. హెచ్‌పీ ప్రింటర్లకు ఆ బాధ తక్కువ, కంపెనీయే ఓపెన్ సోర్స్ డ్రైవర్లు ఇస్తుంది. ప్రభుత్వ సేవలందించే ఇ-సేవై కేంద్రాల్లో వాడే వేలిముద్ర పరికరాల సాఫ్ట్‌వేర్ కూడా ముఖ్యంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే తయారవుతుంది. ఇలాంటిచోట సలహా వెళ్ళాల్సింది డెబియన్‌కు కాదు, కొనుగోలు టెండరు రాసే అధికారికి. లక్షల యంత్రాలు కొనే ప్రభుత్వం 'లినక్స్ డ్రైవరు ఉంటేనే కొంటాం' అని ఒక్క వాక్యం రాస్తే, వేల మంది వాడుకరులు రాసే ఉత్తరాల కన్నా అది గట్టిగా పనిచేస్తుంది.

ఈ మొత్తం వ్యవహారంలో అసలు అడ్డు భాషే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే ప్లస్‌టూ పిల్ల తన ఇబ్బందిని ఇంగ్లీషులో, అదీ సాంకేతికమైన ఇంగ్లీషులో రాసి పంపాలి. బాస్‌కు సహాయ కేంద్రాలు పెట్టారు. అయినా బడికీ సహాయ కేంద్రానికీ మధ్య, పిల్లల మాటను నివేదికగా మార్చే మనిషి ఒకరుండాలి. కేరళ ఆ మనిషిని బడిలోనే పెట్టుకుంది. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి, బడుల కోసం లినక్స్‌ను తానే తీర్చిదిద్దుకుంటూ వచ్చింది. దాని వారసురాలు కైట్ 2019లో ఉబుంటు 18.04 ఆధారంగా కొత్త రూపం విడుదల చేసింది. పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష జరిగేదే ఈ బడుల లినక్స్‌లో. పరీక్షలో అక్షరం విరిగితే మర్నాటికల్లా అది అందరి సమస్య అవుతుంది. పక్కనే 2002 నుంచి స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద బృందం ఫాంట్లనూ అక్షరాల అమరికనూ ఎగువకు వెళ్ళి సరిచేస్తూ వచ్చింది. తెలుగువైపు హైదరాబాద్‌లో స్వేచ్ఛ ఉంది. తెలుగు ముఖంతో లినక్స్ పంపిణీ తయారుచేసింది, ఇంజనీరింగ్ విద్యార్థులతో అనువాద శిబిరాలు నడిపింది. తమిళనాట విళుప్పురం లినక్స్ బృందం పల్లె పిల్లలకు ఇవే పనులు నేర్పుతోంది. తిరుత్తణి పిల్లలకు ఈ రెండు వైపులా తలుపులు తట్టే వీలుంది. హైదరాబాద్ బృందానికి తమిళ్99 పట్టదు, విళుప్పురం బృందానికి తెలుగు వత్తులు పట్టవు. రెండూ తెలిసినవాళ్ళు సరిహద్దులోనే ఉంటారు.

అనువాదాలు కూడా ఒకసారి చేసి వదిలేసేవి కావు. గ్నోమ్ తన విడుదల ప్రకటనలో ఒక భాష మద్దతు ఉన్నట్టు చెప్పాలంటే, తెర మీది వాక్యాల్లో కనీసం 80 శాతం ఆ భాషలోకి మారి ఉండాలి. ప్రతి ఆరు నెలలకూ కొత్త వాక్యాలు వచ్చి చేరతాయి. అనువదించేవాళ్ళు రెండు మూడు విడుదలలు ఊరుకుంటే శాతం దానంతటదే జారిపోతుంది.

ఇప్పుడు ఈ సలహాలకు తొందర వచ్చిపడింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది, పాత యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. ఉచిత పథకం నాటి లాప్‌టాప్‌లు ఇంకా పనిచేస్తుంటే వాటికి మిగిలిన దారి లినక్సే. అక్కడా ఓ జాగ్రత్త అవసరం: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలర్ లేదు. ప్రాసెసర్ 64 బిట్‌దై ఉండి, వేసిన విండోస్ మాత్రమే 32 బిట్‌ది కావచ్చు. ఉదాహరణకు విండోస్ 7 స్టార్టర్ అసలు 32 బిట్‌లోనే వచ్చింది. లినక్స్ టెర్మినల్‌లో 'ఎల్‌ఎస్‌సీపీయూ' ఆదేశం ఇస్తే ప్రాసెసర్ ఏ రకమో మొదటి వరసల్లోనే చెప్తుంది. 64 అని కనిపిస్తే, 2 జీబీ మెమరీ ఉన్నా ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా ఎల్‌ఎక్స్‌క్యూటీ లాంటి తేలిక డెస్క్‌టాప్ వేసుకోవచ్చు. ఐబస్‌కు ఎం17ఎన్ కలుపుకుని తెలుగు, తమిళ కీబోర్డులు రెంటినీ ఒకే జాబితాలో చేర్చుకోవచ్చు. ఏదైనా తేడా వస్తే రిపోర్ట్‌బగ్ ఆ యంత్రంలోనే ఉంటుంది.